అలిపిరి మెట్లెక్కే ముందు మోకాళ్ల జాగ్రత్తలు

అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల నడక. మొక్కు మనదే అయినా మోసేది మోకాళ్లు.

- మూడు నాలుగు వారాల ముందు నుంచే ఇంటి మెట్లెక్కడం అలవాటు చేసుకోండి. కుర్చీలో కూర్చుని కాలు చాపి, తొడ కండరం బిగించి పది లెక్కపెట్టి దించండి. తొడ బలంగా ఉంటే మోకాలి చిప్పపై ఒత్తిడి తగ్గుతుంది.
- మోకాలు వాచి ఉన్నా, మడత పడి ఇరుక్కుపోతున్నా, నడకలో పట్టు తప్పుతున్నా ప్రయాణం వాయిదా వేయండి. లోపల మెత్తలా ఉండే మృదులాస్థి చిరగడమో, ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు దెబ్బతినడమో కావచ్చు. ఎముకల వైద్యుడికి చూపించాలి. నొప్పి మాత్ర మింగి ఎక్కడం మొండితనమే.
- సంచి తేలికగా ఉండాలి. నీళ్లు తప్పనిసరి.
- మొదట్లో ఉత్సాహంగా పరుగెత్తకండి. మోకాళ్ల మెట్టు అనే మెట్ల వరుస చివర్లో వస్తుంది, నిట్టనిలువుగా! అక్కడికి ఓపిక మిగలాలి. పాదం మొత్తం మెట్టు మీద ఆనించి, పక్కనున్న కమ్మీ పట్టుకోండి.
- దిగడం సులువనుకోకండి. మోకాలి చిప్పకు అసలు శ్రమ అప్పుడే. నొప్పి ఉన్నవారు దిగేటప్పుడు బస్సెక్కండి, స్వామి ఏమీ అనుకోడు.