కొత్తగా చేతికొచ్చిన రైఫిల్ మొరాయిస్తుంటే

వేటగాళ్లు నలుగురు కలిస్తే ఎవరో ఒకరి కొత్త రైఫిల్ బయటికొస్తుంది, దాని వెనకాలే ఇంకొకరి తాత నాటి మాసర్ అనే జర్మన్ రైఫిల్ కూడా. చెక్క, బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) నున్నగా జారే తీరు, ఉక్కు మీది నీలి మెరుపు, అన్నీ మెచ్చుకున్నాక అసలు మాట మెల్లగా వస్తుంది: “అంతా బాగుంది గానీ, గుండ్లు ఒకచోట పడట్లేదండీ.” బ్యారెల్ అరిగిపోయుంటుందని పక్కవాళ్లు అప్పటికప్పుడు తేల్చేస్తారు. నన్నడిగితే బ్యారెల్ వంతు చిట్టచివర. ముందు స్క్రూలు, తర్వాత చెక్క, ఆ తర్వాత మురికి. గురి చెడగొట్టే లోపాన్ని ఇంట్లోనే ఓపిగ్గా వెతుక్కోవచ్చు. ప్రెషర్‌తో ముడిపడిన లోపం కనిపిస్తే మాత్రం అక్కడితో ఆపి తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఏ పనికైనా ముందు మ్యాగజైన్ ఖాళీ చేసి, బోల్ట్ వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్‌ని కంటితో చూడండి. వేలు పెట్టి కూడా చూడండి.

బోల్ట్ బిగుతుగా మూసుకుంటోంది, పేల్చిన కేసు (తూటా ఇత్తడి తొడుగు) రూపం మారి వస్తోంది

పాత రైఫిల్‌లో మొదట అనుమానించాల్సింది తూటానే. చేతులు మారే క్రమంలో ఎవరో చాంబర్‌ని వేరే తూటాకి తొలిపించి ఉండొచ్చు, బ్యారెల్ మీద మాత్రం పాత పేరే మిగిలుంటుంది. 8 మిల్లీమీటర్ల మాసర్లతో ఇంకో తిరకాసు ఉంది. తొలినాళ్ల రైఫిళ్ల గుండు 0.318 అంగుళాలు, తర్వాత వచ్చిన ‘ఎస్’ రకం గుండు 0.323. కేసులు చూస్తే తేడా పట్టలేం. లావు గుండును సన్న గొట్టంలోంచి పేలిస్తే ప్రెషర్ ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. గన్‌స్మిత్ అయితే తక్కువ వేడికే కరిగే లోహంతో చాంబర్ అచ్చు తీస్తాడు, మెత్తని సీసం గుండును గొట్టంలోంచి నెట్టి లోపలి కొలత చూస్తాడు. ఆ రెండు కొలతలూ చేతికొచ్చాకే తూటాలు కొనండి.

1903 స్ప్రింగ్‌ఫీల్డ్ అనే అమెరికన్ సైనిక రైఫిల్ దొరికితే సీరియల్ నంబరు చూడండి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో తయారై 8,00,000 లోపు నంబరున్నా, రాక్ ఐలండ్‌లో తయారై 2,85,507 లోపు ఉన్నా దాన్ని పేల్చకండి. ఉక్కుని కాల్చి గట్టిపరిచే అప్పటి హీట్ ట్రీట్‌మెంట్ పద్ధతి వల్ల కొన్ని రిసీవర్లు (బోల్ట్ కూర్చునే ఉక్కు భాగాలు) పెళుసుబారి పగిలిపోయాయి. ఇంట్లో చేసుకునే రిపేరు దీనికి లేదు. వించెస్టర్ 94 లాంటి, బ్యారెల్ కింద గొట్టంలో తూటాలు వరసగా కూర్చునే రైఫిళ్లలో మొన చదునుగా ఉన్న గుండ్లే వాడాలి. ఆ రైఫిళ్లకోసమే మెత్తని మొనతో చేసిన కోసు గుండ్లు ఉన్నాయి, అవి ఫరవాలేదు. మామూలు కోసు గుండయితే దాని మొన ముందున్న తూటా ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే మందు అంటించే చిన్న మూతకి) ఆనుకుని ఉంటుంది, రైఫిల్ ఒక్కసారి గట్టిగా అదిరితే చాలు, అది పేలొచ్చు.

గుండ్లు ఒకచోట పడట్లేదు

ఎంత ఆశించాలో ముందు తెలుసుకోండి. 100 గజాల దూరంలో ఒక ఎం.ఓ.ఏ. (గుండ్లు ఎంత చెదిరాయో చెప్పే కోణం కొలత) అంటే అంగుళానికి రవ్వంత ఎక్కువ. 70 ఏళ్ల వేట రైఫిల్ మామూలు తూటాలతో రెండంగుళాల్లో మూడు గుండ్లు వేస్తే జింక వేటకి అది మంచి రైఫిలే. కొత్తదాని డబ్బా మీది లెక్కలతో పోల్చి దిగులుపడకండి.

తర్వాత మీరు గురి పెట్టిన కాగితం చూడండి, చాలావరకు అదే చెబుతుంది. గుండ్లు రెండు గుంపులుగా పడ్డాయంటే ఏదో ఒకటి రెండు స్థానాల మధ్య ఊగుతోంది. అది స్కోప్‌ని రైఫిల్‌కి పట్టించే బేస్ కావచ్చు, స్కోప్ లోపలి భాగం కావచ్చు, చెక్కలో కూర్చున్న యాక్షన్ (రిసీవర్, బోల్ట్ ఉన్న భాగం) కావచ్చు. మొదటి రెండు ఒకచోట పడి, బ్యారెల్ వేడెక్కేకొద్దీ మిగిలినవి ఒకే వైపు పాకుతుంటే చెక్క ఎక్కడో బ్యారెల్‌ని నెడుతోందని అనుమానించాలి. ఏ పద్ధతీ లేకుండా చెదిరితే తూటా మార్చి చూడండి, గొట్టం మూతి చూడండి, మీరు రైఫిల్‌ని ఆనించే తీరు కూడా చూడండి.

ముందు స్క్రూలు. స్కోప్ రింగుల్ని విప్పే ముందు బేస్ స్క్రూలు పరీక్షించండి. పైనున్న రింగుల్ని అందరూ బిగిస్తారు, వాటి కింద దాక్కున్న బేస్ వదులైన సంగతి ఎవరికీ కనపడదు. యాక్షన్ స్క్రూల్లో ముందుదీ వెనకదీ గట్టిగా ఉండాలి. 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70లో మధ్యన ఇంకో స్క్రూ ఉంటుంది. దాన్ని ఆనేంత వరకే తిప్పాలి, మిగతా రెంటిలా బిగిస్తే యాక్షన్ మధ్యలో వంగుతుంది. 1964కి ముందు తయారైన మోడల్ 70ని అపురూపంగా కొని, ఆ ఒక్క స్క్రూ దగ్గరే గురి పోగొట్టుకునేవాళ్లున్నారు.

ఆ తర్వాత చెక్క. రైఫిల్‌ని నిలబెట్టి పట్టుకుని, చెక్క ముందు కొసా బ్యారెల్ కలిసే చోట రెండింటి మీదా ఆనేలా ఒక వేలు ఉంచండి. రెండో చేత్తో ముందు స్క్రూని వదులు చేసి మళ్లీ బిగించండి. బ్యారెల్ చెక్కలోంచి లేచినట్టు, మళ్లీ దిగినట్టు వేలికి తెలిసిందంటే యాక్షన్ చెక్కలో సరిగ్గా కూర్చోలేదు, బిగించిన ప్రతిసారీ వంగుతోంది. ఇక ఒక కాగితం పట్టీని బ్యారెల్ కిందుగా దూర్చి వెనక్కి లాగుతూ రండి. ఎక్కడ పట్టేస్తుందో అక్కడ చెక్క గాడిలో నల్లగా మెరిసే మచ్చ ఒకటి కనిపిస్తుంది, అదే రాపిడి చోటు. వాల్‌నట్ చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి తగ్గుతుంది. ఎండాకాలంలో జీరో చేసిన (గురి సరిచేసిన) రైఫిల్ వానల్లో పక్కకి పోవడానికి ఇదొక కారణం.

ఇక్కడ ఉప్పుకాగితం తీసుకుని అరగదీయడానికి కంగారుపడొద్దు. కొన్ని రైఫిళ్లలో కొస దగ్గర ఆ ఒత్తిడిని తయారీలో కావాలనే పెట్టారు, అది తీసేస్తే గురి ఇంకా పాడవుతుంది. యాక్షన్ కింద గట్టి అట్టముక్క పెట్టి బ్యారెల్‌ని కొద్దిగా పైకి లేపి పేల్చి చూడండి. గురి కుదిరితే అప్పుడు చెక్క గాడి పెంచి, యాక్షన్ కింద ఎపాక్సీ జిగురుతో బెడ్డింగ్ (అది కదలకుండా కూర్చునే పరుపు) చేయించండి. కుదరకపోతే అట్ట తీసేయడమే, పోయిందేమీ లేదు.

ఇక మూతి. శుభ్రం చేసే కడ్డీని మూతి వైపు నుంచి ఏళ్ల తరబడి దూర్చితే ఆ అంచు ఒక పక్కకి అరుగుతుంది. గుండు గొట్టాన్ని వదిలేది అక్కడే కాబట్టి చిన్న అరుగుదల కూడా కాగితం మీద పెద్దగా కనిపిస్తుంది. గన్‌స్మిత్ మూతిని కొత్తగా కోసి ఇస్తాడు, చిన్న పనే.

కొత్త రైఫిల్‌కి ఒక్కమాట: ఒకేసారి స్కోపు, తూటా, స్క్రూలు అన్నీ మార్చకండి, ఏది పని చేసిందో తెలియదు.

కాగితంలో గుండు పక్కవాటుగా దూరినట్టు పొడుగాటి రంధ్రం

గుండు గాల్లో స్థిరంగా తిరగట్లేదు. గుండుని తిప్పడానికి గొట్టంలో చెక్కిన గాడుల మెలిక ఆ గుండు పొడవుకి చాలట్లేదన్నమాట. 1955లోనే ఈ పాఠం అందరికీ తెలిసింది. ఆ ఏడు పాయింట్ 243 వించెస్టర్, పాయింట్ 244 రెమింగ్టన్ అనే తూటాలు రెండూ వచ్చాయి. రెమింగ్టన్ 12 అంగుళాలకి ఒక చుట్టు పెట్టింది, వించెస్టర్ 10 అంగుళాలకి. జింకల వేటకి జనం కోరిన 100 గ్రెయిన్ల బరువు గుండ్లు వించెస్టర్‌లో కుదిరాయి, రెమింగ్టన్‌లో నమ్మకంగా కుదరలేదు. తర్వాత రెమింగ్టన్ మెలిక పెంచి, అదే తూటాని 6 ఎంఎం రెమింగ్టన్ అనే పేరుతో అమ్మాల్సి వచ్చింది. మీ పాత రైఫిల్‌లో ఇలా జరిగితే బ్యారెల్ మార్చక్కర్లేదు, పొట్టి గుండు వాడండి. పొట్టి గుండూ అలాగే పోతే గొట్టం అరిగిందేమో, గుండు సైజు తప్పిందేమో చూడాలి.

ట్రిగ్గర్ నొక్కితే టక్ మని ఊరుకుంది

బోల్ట్ వెంటనే తీయొద్దు. మూతిని సురక్షితమైన వైపే ఉంచి అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. ఆ తర్వాత తీసి ప్రైమర్ మీద నొక్కు చూడండి. లోతుగా పడితే తప్పు తూటాది. పైపైన పడితే బోల్ట్ లోపల పాత గ్రీజు జిగురై, ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్‌ని పట్టుకుంటోంది, లేదా స్ప్రింగ్ నీరసించింది. చలికాలంలోనే ఇది బయటపడితే గ్రీజే కారణం. బోల్ట్ విప్పి, సాల్వెంట్‌తో కడిగి, ఆరబెట్టి, పలచని నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. స్ప్రింగ్ మార్చడం పెద్ద ఖర్చు కాదు, పాత రైఫిల్ కొనగానే మార్చేసేవాళ్లున్నారు, మంచి అలవాటు.

ఖాళీ కేసు రావట్లేదు

చాంబర్‌లో తుప్పు ఉండొచ్చు, తూటా ప్రెషర్ ఎక్కువై ఉండొచ్చు. కేసు ఎలాగో వచ్చాక దాని అడుగు భాగానికి కాస్త పైన చూడండి. చుట్టూ సన్నగా మెరిసే గీత ఉంటే అక్కడ లోహం పలచబడింది. కొస వంచిన సన్న తీగని కేసు లోపల గోడ వెంట లాగితే ఆ చోట గాడి తగులుతుంది. అలాంటి కేసు ఇంకోసారి పేలిస్తే రెండు ముక్కలవుతుంది, వేడి గ్యాసు ముఖం మీదికి రావచ్చు. బోల్ట్‌కీ తూటాకీ మధ్య ఉండాల్సినదానికంటే ఎక్కువ సందు ఉంది, హెడ్‌స్పేస్ గేజ్‌తో గన్‌స్మిత్ కొలవాలి. నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ రైఫిల్‌కి 0 నుంచి 3 దాకా వేర్వేరు నంబర్ల బోల్ట్ తలలు ఉండేది ఈ సందు సరిచేయడానికే.

కేసుని పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ పంజా చిట్లినా కేసు రాదు. మాసర్ 98కి తూటాని నేరుగా చాంబర్‌లో పడేసి బోల్ట్ తోసే అలవాటు మానుకోండి. ఆ పంజా మ్యాగజైన్‌లోంచి పైకొచ్చే తూటా అంచుని కింది నుంచి పట్టుకోవడానికి చేసింది.

శుభ్రం చేసినా మర్నాటికి తుప్పు

పాత సైనిక తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది, అది గాల్లోని తేమని లాక్కుంటుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కాబట్టి వేడి నీళ్లు పోసి కడిగి, పొడిగా తుడిచి, ఆ తర్వాతే నూనె. అమ్మోనియా సాల్వెంట్‌తో తుడిచిన గుడ్డ మీద నీలం రంగు వస్తూనే ఉంటే అది గొట్టంలోని రాగి. అయితే మీ కడ్డీ కొస ఇత్తడిదైతే ఆ సాల్వెంట్ దాన్నీ కరిగిస్తుంది, నీలం ఎప్పటికీ పోదు. నైలాన్ బ్రష్ వాడి చూడండి.

సేఫ్టీ తీయగానే ఫైరింగ్ పిన్ పడుతోంది

ఖాళీ రైఫిల్‌ని కాక్ చేసి (పేలడానికి సిద్ధంగా ఉంచి), సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ నొక్కి వదలండి. ఇప్పుడు సేఫ్టీ తీయండి. ఫైరింగ్ పిన్ పడకూడదు. కాక్ చేసి బోల్ట్‌ని గట్టిగా మూసినా పడకూడదు. పడిందంటే ట్రిగ్గర్‌లో మురికి పేరుకుంది, లేదా పాత యజమాని తేలిగ్గా నొక్కుకోవాలని పళ్లు అరగదీయించాడు. ఇది ఇంట్లో ఆకురాయి పట్టుకుని సరిచేసే పని కాదు. గన్‌స్మిత్ చూసి సరే అనేదాకా అందులో తూటా పెట్టకండి.