ఇరవైల్లో విదేశమా, ముందే సెటిల్ అవ్వడమా? వరస తేల్చుకోవడం ఇలా

ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయినవాళ్లు చాలామంది రెండు జీవితాలను పక్కపక్కన ఊహించుకుని ఏది బాగుందో చూస్తారు. అలా ఎన్నేళ్లు చూసినా తేలదు, రెండూ బాగానే కనిపిస్తాయి. తేల్చుకోవాల్సింది ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రమే. అందుకు ముందుగా దేనికి వయసు గడువు ఉందో, దేనికి లేదో తెలియాలి.

గడువులు ముందు రాసుకోండి

ఒక కాగితం మీద మీ పుట్టినతేదీ వేసి, కింద రెండు వరసలు గీయండి. మొదటి వరసలో వీసాల వయసు నిబంధనలు. ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడే వీసాలు (దేశం చూస్తూ ఖర్చులకు పని చేసుకోనిచ్చేవి, 417, 462 తరగతులు) 18 నుంచి 30 ఏళ్లవారికి. 417లో కొన్ని దేశాల పాస్‌పోర్టులకు మాత్రం 35 వరకు. ఇక్కడ చూసేది దరఖాస్తు పెట్టిన రోజున మీ వయసు, విమానం ఎక్కే రోజున కాదు. అందుకే 31వ పుట్టినరోజుకు ముందు రోజు పెట్టిన దరఖాస్తు కూడా చెల్లుతుంది. కొన్ని దేశాలవారికి 462లో లాటరీ ఉంటుంది. అంటే 30లో ఒక్కసారి ప్రయత్నించేవారికన్నా 25 నుంచి ఏటా పేరు వేసేవారికి అవకాశాలు ఎక్కువ.

కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (శాశ్వత నివాసానికి పాయింట్లతో ఎంపిక చేసే పద్ధతి) ఒంటరిగా దరఖాస్తు చేసేవారికి వయసు కింద 20 నుంచి 29 దాకా పూర్తి 110 పాయింట్లు. 30కి 105, 35కి 77, 40కి 50, 45 నుంచి సున్నా. ఆస్ట్రేలియా నైపుణ్య వలస లెక్క వేరు. 18–24కి 25 పాయింట్లు, 25–32కి 30, 33–39కి మళ్లీ 25. పైగా విదేశీ ఉద్యోగ అనుభవం 3 ఏళ్లు ఉంటే 5, 5 ఏళ్లకు 10, 8 ఏళ్లకు 15 పాయింట్లు వస్తాయి. కాబట్టి ఆస్ట్రేలియా అనుకునేవారు 23లో కంగారు పడక్కర్లేదు. ఉన్నచోటే పనిచేసి 28లో వెళ్తే ఇంకా మెరుగైన స్థానంలో ఉంటారు. 2024 జూన్‌లో మొదలైన జర్మనీ ఛాన్సెన్‌కార్టెలో (అక్కడికి వెళ్లి ఉద్యోగం వెతుక్కోవడానికిచ్చే అనుమతి) 35 ఏళ్ల వరకు 2 పాయింట్లు, అది దాటితే 40 వరకు 1. కావాల్సినవి మొత్తం 6. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ దేశ ప్రభుత్వ సైటులోనే మళ్లీ చూడండి, ఏజెంటు మాట మీద నడవొద్దు.

రెండో వరసలో స్థిరపడటానికి సంబంధించిన గడువులు. పిల్లలు కావాలనుకుంటే ఇది అసలైన గడువు: స్త్రీలలో గర్భధారణ సామర్థ్యం సుమారు 32 నుంచి మెల్లగా, 37 తర్వాత వేగంగా తగ్గుతుంది. ఇద్దరు పిల్లలు అనుకునేవారు మొదటి బిడ్డ ఎప్పుడో వెనక్కి లెక్కేసుకోవాలి. పెళ్లికి, సొంతింటికి ఇలాంటి గడువేమీ లేదు, చుట్టాలు ఎంత తొందరపెట్టినా సరే.

పొదుపుది ఒక ప్రత్యేకమైన స్థానం. దానికి గడువు లేదు కానీ ఆలస్యానికి ఖరీదు ఉంది. ఏటా 1,000 చొప్పున 7 శాతం రాబడితో 40 ఏళ్లు వేస్తే సుమారు 1,99,600 అవుతుంది. అదే పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి 30 ఏళ్లు వేస్తే 94,500 దగ్గర ఆగిపోతుంది. అయితే ఇది విదేశానికి వ్యతిరేకంగా వాదన కాదు. వెళ్లినా ఉన్నా, మొదటి జీతం నుంచే ఎంతో కొంత పక్కన పడాలన్నదే దీని అర్థం.

మీ పని సరిహద్దు దాటుతుందా?

సాఫ్ట్‌వేర్, వెల్డింగ్, వంట లాంటి పనులు చాలావరకు అలాగే దాటుతాయి. వైద్యం, నర్సింగ్, న్యాయవాదం, బడిలో బోధన దాటవు. అక్కడి లైసెన్సు పరీక్ష రాయాలి, కొన్నిచోట్ల శిక్షణ మళ్లీ చేయాలి. ఈ వృత్తులవారికి 2 ఏళ్ల విదేశీ ఉద్యోగం అనేది ఉత్తమాట. అందులో ఎక్కువ కాలం గుర్తింపు తెచ్చుకోవడానికే పోతుంది. వెళ్తే 7, 8 ఏళ్ల లెక్కతో వెళ్లాలి, లేదంటే ఉన్నచోట ప్రాక్టీసు పెట్టుకోవాలి. ఖాతాదారుల పరిచయాల మీద నడిచే వ్యాపారాలకూ ఇదే వర్తిస్తుంది. ముందే స్థిరపడటం కచ్చితంగా లాభించేది ఇలాంటి చోటే.

ఆఫర్ లెటర్‌లో చూడాల్సినవి

వార్షిక జీతం అంకె చూసి మురిసిపోవద్దు. పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా పోగా నెలకు చేతికెంత వస్తుందో రాతపూర్వకంగా అడగండి. అందులోంచి అద్దె, రవాణా తీసేసి మిగిలేది ఇప్పుడు మిగులుతున్నదానికన్నా ఎక్కువో కాదో చూడండి. తర్వాత ప్రొబేషన్ ఎన్నాళ్లు, వీసా ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి, ఈ మూడూ చదవండి. ఆఖరిది చాలామంది చదవకుండా సంతకం పెట్టేస్తారు.

వీసా యజమానికి ముడిపడి ఉందేమో కూడా చూడాలి. అమెరికా హెచ్-1బీలో ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికో, హోదా మార్చుకోవడానికో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. అలాంటి వీసా మీద ఉండగా ఇల్లు కొనడమంటే ఇంటి అప్పును ఒక్క మేనేజరు చేతిలో పెట్టడమే. ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడేలో సమస్య దీనికి తలకిందులు. సాధారణంగా ఒకే యజమాని దగ్గర 6 నెలలకు మించి చేయకూడదు కాబట్టి వృత్తిలో ఎదుగుదల చూపించే ఉద్యోగం దొరకడం కష్టం. రెండో ఏడాది వీసా కావాలంటే చాలా పాస్‌పోర్టులవారు పొలాల్లాంటి నిర్దేశిత పనులు 3 నెలలు చేసి ఉండాలి. దేశం చూడటానికి అది మంచి దారి, రెజ్యూమె కోసమైతే కాదు.

చేతిలో ఎంత ఉండాలి

మొదటి జీతం పడేలోపు ఖర్చులన్నీ ముందే వచ్చేస్తాయి. వెళ్లేచోట 3 నెలల ఖర్చు, ఇంటి అడ్వాన్సు, తిరుగు టికెట్ డబ్బు, ఈ మూడూ కలిపి విడిగా ఉండాలి. అడ్వాన్సు దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీలో చట్టప్రకారం గరిష్ఠంగా 3 నెలల మూల అద్దె, దాన్ని 3 వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెదారుకు ఉంది. తాత్కాలిక వసతి తీసుకునేటప్పుడు ఆ చిరునామాతో నమోదు చేసుకోనిస్తారా అని అడగండి. జర్మనీలో ఇంట్లో దిగిన 2 వారాల్లో నమోదు కావాలి. అది ఆగితే పన్ను నంబరు ఆగుతుంది, జీతంలో పన్ను ఎక్కువ కోతపడొచ్చు. తిరుగు టికెట్ డబ్బును మాత్రం ఏ అవసరానికీ ముట్టుకోవద్దు. అది లేకపోవడం వల్లే చెడ్డ ఉద్యోగాల్లో ఇరుక్కుపోతారు.

కాగితాలు

అపోస్టిల్ అనేది మీ పత్రం విదేశాల్లో చెల్లేలా 1961 హేగ్ ఒప్పందం కింద వేసే ముద్ర. దాన్ని పత్రం జారీ అయిన దేశమే వేయాలి. డిగ్రీ, జనన ధ్రువపత్రం, పెళ్లయితే వివాహ పత్రం ప్రయాణానికి ముందే చేయించుకోండి. అక్కడికి వెళ్లాక గుర్తొస్తే ఇంట్లోవాళ్లను ఆఫీసుల చుట్టూ తిప్పాల్సి వస్తుంది. ఐఈఎల్‌టీఎస్ ఫలితం 2 ఏళ్లే పనికొస్తుంది కాబట్టి మరీ ముందు రాయకండి.

ఏ దేశంలోనైనా 6 నెలలు దాటి ఉంటే వదిలేటప్పుడే పోలీసు క్లియరెన్స్ తీసుకోండి. ఏడేళ్ల తర్వాత మరో దేశం పీఆర్ (శాశ్వత నివాసం) దరఖాస్తులో అది అడుగుతారు, అప్పుడు దూరం నుంచి తెప్పించడానికి నెలలు పడుతుంది. ప్రతి యజమాని దగ్గర హోదా, తేదీలు, చేసిన పని, వారానికి గంటలు ఉన్న లేఖ కూడా అంతే. కంపెనీ మూతపడ్డాక అది ఇచ్చేవారే ఉండరు.

జంటగా వెళ్లేవారికి

చాలా ప్లాన్లు విరిగేది ఇక్కడే. ఒకరికి ఉద్యోగం, ఇంకొకరికి డిపెండెంట్ వీసా అన్నప్పుడు ఆ రెండోవారికి పని అనుమతి ఉందో లేదో ముందే తేల్చుకోండి. అమెరికాలో హెచ్-4 వీసా (హెచ్-1బీ వారి భార్య లేదా భర్తకు ఇచ్చేది) మీద ఉన్నవారికి దానంతటదే పని హక్కు రాదు. ఎక్కువ కేసుల్లో హెచ్-1బీ మనిషి గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 (యజమాని వేసే వలస పిటిషన్) ఆమోదం పొందాకే వారు వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టగలరు. చదువుకున్న మనిషి మూడేళ్లు ఖాళీగా కూర్చున్నాక వచ్చే గొడవలు జీతంతో తీరవు.

పాయింట్ల పద్ధతిలో ఇద్దరి పేర్లతోనూ విడివిడిగా లెక్క కట్టి, ఎక్కువ వచ్చినవారిని ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టండి. కెనడా పీఆర్ మధ్యలో పెళ్లయినా, బిడ్డ పుట్టినా వెంటనే తెలియజేయాలి. వెంట రాని కుటుంబ సభ్యులను కూడా చూపించాల్సిందే. దాచిపెడితే తర్వాత వారిని స్పాన్సర్ చేసే హక్కే పోవచ్చు.

ముందే స్థిరపడుతున్నవారికి

ఇక్కడే ఉండాలనుకుంటే సొంతిల్లు ఆఖరున పెట్టుకోండి. రిజిస్ట్రేషన్, అప్పు ఖర్చులు, అమ్మకపు కమీషన్ కలిపితే అయిదేళ్లలోపు అమ్మాల్సిన ఇల్లు తరచూ నష్టమే తెస్తుంది. విదేశం మాట పూర్తిగా కొట్టేయకపోతే పాస్‌పోర్టు గడువు దాటనివ్వకండి, డిగ్రీ పత్రాలు సిద్ధంగా ఉంచండి, కంపెనీలో బదిలీ మార్గం ఉందేమో కనుక్కోండి. పిల్లలు బడికి వెళ్లే వయసు రాకముందు 2 ఏళ్ల బదిలీ సులువు, ఆ తర్వాత బరువు.

పన్ను, పెన్షన్, తిరుగు ప్రయాణం

183 రోజుల లోపు ఉంటే పన్ను ఉండదన్నది సగం నిజం. పన్ను ఒప్పందాల్లో సాధారణంగా ఆ మినహాయింపు జీతమిచ్చే యజమాని ఆ దేశంవాడు కానప్పుడే వర్తిస్తుంది. స్థానిక కంపెనీలో చేరితే మొదటి రోజు నుంచే పన్ను. జపాన్‌లో నివాస పన్ను గతేడాది ఆదాయం మీద పడుతుంది. అందుకే రెండో ఏడాది జూన్ నుంచి చేతికొచ్చే జీతం తగ్గుతుంది, తెలియనివారు కంపెనీ మోసం చేసిందనుకుంటారు.

వెళ్లేముందే ఒక సమీక్ష తేదీ పెట్టుకోండి, రెండేళ్ల దగ్గర అయితే బాగుంటుంది. ఆ రోజుకు పీఆర్ వైపు దరఖాస్తు ముందుకు కదిలి ఉండాలి, లేదా అనుకున్న పొదుపు చేరి ఉండాలి. రెండూ లేకపోతే తిరుగు ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి, వీసా చివరి నెలదాకా ఆగకుండా. కెనడా పీఆర్ వచ్చాక వెనక్కి వెళ్లేవారు ప్రతి 5 ఏళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలన్న నిబంధన లెక్కేసుకోవాలి.

దేశం విడిచేటప్పుడు ఇంటి నమోదు రద్దు చేయించి, ఆఖరి పన్ను రిటర్న్ వేయండి. అడ్వాన్సు, పన్ను వాపసు వచ్చి చేరేదాకా బ్యాంకు ఖాతా మూయకండి. పెన్షన్ సంగతీ అప్పుడే చూసుకోండి. అమెరికాలో రిటైర్మెంట్ పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే దాదాపు 10 ఏళ్ల పని కావాలి. జర్మనీలో 60 నెలల చెల్లింపు. ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడేవాళ్లు దేశం విడిచాక సూపర్ (యజమాని కట్టే పెన్షన్ నిధి) డబ్బు తీసుకుంటే 65 శాతం పన్నుకే పోతుంది. జపాన్‌లో కట్టిన పెన్షన్‌లో కొంత వెనక్కి తీసుకోవచ్చు కానీ, అక్కడి చిరునామా రద్దయ్యాక 2 ఏళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. ఆ ఫారం, పెన్షన్ నంబరు ఉన్న కాగితం సామానులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.