బతుకమ్మ పూలు మన జాగలోనే: తంగేడు, గునుగు, జమ్మి పెంచే తీరు

"తంగేడు మొక్కను కూడా పైసలు పెట్టి కొంటారా అక్కా?" అని మా నర్సరీకి వచ్చినవాళ్లు అడుగుతుంటారు. కొంటున్నారు. హనుమకొండ నుంచి ములుగు పోయే రోడ్డు మీద, ఆత్మకూరు దగ్గర మాది చిన్న నర్సరీ. మామిడి అంట్లు, గులాబీలు, క్రోటన్లు అమ్మితేనే ఇల్లు గడుస్తుంది. అయినా ఒక మూలన తంగేడు, గునుగు, జమ్మి కవర్లు ఎప్పుడూ ఉంచుతాను. అవి లాభం కోసం పెట్టినవి కావు. మా తల్లిగారి ఊరు పరకాల దిక్కు. అక్కడ చెరువు కట్ట పొడుగునా ఉన్న తంగేడు పొదలు నా కళ్లముందే పోయాయి.

మునుపు బతుకమ్మ పూలకు ఖర్చు ఉండేది కాదు. కట్ట మీద తంగేడు, మక్క చేన్లో గునుగు, గెట్టు మీద కట్ల పూలు. మగవాళ్లు పొద్దున్నే వెళ్లి మూటలు కట్టుకొచ్చేవారు. ఇప్పుడు పత్తి చేను గెట్టు దాకా వచ్చింది, గడ్డి మందుకు గునుగు మాడిపోతోంది, బీళ్లు ప్లాట్లయ్యాయి, కట్టలు వెడల్పు చేసినప్పుడు పొదలు పోయాయి. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస (పెత్తర అమావాస్య) ముందు రోజు పట్నానికి ఆటోల్లో దిగే తంగేడు చూస్తే నాకు బాధేస్తుంది. పూల కొసలు కాదు, మొదలు దాకా నరికిన కొమ్మలు. అట్లా నరికిన పొద ఆ ఏడు కాయ కాయదు. కాయ లేనిచోట విత్తనం ఎక్కడిది?

అందుకే చెబుతున్నా, ఒక ఇంటి బతుకమ్మకు ఎకరాలు అక్కర్లేదు. ప్రహరీ పక్కన నాలుగైదు తంగేడు పొదలు, మంచమంత గునుగు మడి ఉంటే చాలా వరకు సరిపోతాయి.

ముందు అసలు తంగేడును గుర్తుపట్టాలి

పసుపు పూలు పూసేదల్లా తంగేడు కాదు. రోడ్ల పక్కన చెట్టంత ఎత్తు పెరిగేది సీమ తంగేడు. చేన్లలో మోకాలెత్తు ఉండేది తంటెం, ఇంకొకటి కసింద. అన్నీ దగ్గరి చుట్టాలే కాబట్టి పూలు చూసి మోసపోతాం. ఆకు కాడ మొదట్లో చూడండి. కొమ్మను అంటిపెట్టుకుని గుండ్రంగా, చెవి తమ్మెలాంటి చిన్న రెక్క ఉంటుంది. అది ఉంటే అసలు తంగేడే. దాని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా, ఆ చెవి వల్లే వచ్చింది. కాయ కూడా గుర్తే: జానెడు కన్నా పొట్టిగా, బల్లపరుపుగా, ఎండితే కాగితంలా పలచగా ఉంటుంది.

2014లో తెలంగాణ వచ్చాక తంగేడును రాష్ట్ర పుష్పంగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించారు. బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసిందీ ఆ ఏడాదే. కానీ తంగేడుకు మన బతుకులో ఉన్న చోటు పండుగతో అయిపోదు. దాని చెక్కలో, అంటే బెరడులో, తోలును గట్టిపరిచే వగరు ఉంటుంది. లందలో, అంటే తోళ్లు ఊరవేసే తొట్టిలో, వాటిని ఈ చెక్కతో, కరక్కాయతో నానబెట్టి పదును చేసేవారు. బావిలోంచి నీళ్లు తోడిన మోట బొక్కెన, రైతు కాలి చెప్పు అట్లా తయారైనవే. మద్రాసు తోళ్ల పరిశ్రమ కూడా చాలాకాలం ఈ చెక్క మీద నడిచింది. అరవంలో దీన్ని ఆవారం అంటారు. తంగేడు పూవును గౌరమ్మ పక్కన పెట్టుకున్న ఊళ్లే, అదే తంగేడు చెక్కతో పొలానికి నీళ్లు అందించినవాళ్లను ఊరవతల ఉంచాయి. ఈ మొక్క గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం.

తంగేడు విత్తనం

కాయలు సంక్రాంతి తర్వాత ఎండడం మొదలవుతుంది. ఊపితే గలగలమనేవే కోయండి. ఒకే పొద నుంచి కాకుండా నాలుగైదు చోట్ల నుంచి కొద్దికొద్దిగా తీసుకోండి, సగం కాయలు పొదకే వదిలేయండి. రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, చేత్తో నలిపి, చాటతో చెరగండి. సన్నని రంధ్రాలున్న గింజలను పురుగు తిన్నట్టే లెక్క. నీళ్లలో వేస్తే తేలేవి కూడా పనికిరావు. మంచివాటిని పూర్తిగా ఆరబెట్టి, గాలి పోని సీసాలో ఎండు వేపాకుతో పెడితే మరుసటి ఏడు కూడా మొలుస్తాయి.

చాలామంది ఇక్కడే నిరాశపడతారు. గింజ మీది పెంకు గట్టిది. తెచ్చినవి తెచ్చినట్టు మట్టిలో వేస్తే వందకు పదో ఇరవయ్యో మొలిచి, మిగతావి అట్లే పడుంటాయి. అడవిలో ఎండకు, వానకు, మట్టి రాపిడికి మెల్లగా పెంకు చిట్లుతుంది. మనం ఆ పని తొందరగా చేయాలి. గ్లాసు గింజలకు ఐదు గ్లాసుల నీళ్లు మరిగించి, పొయ్యి మీది నుంచి దించి, బుడగలు ఆగాక గింజల మీద పోయండి. పొయ్యి మీద ఉంచి ఉడకబెట్టకండి, గింజ చస్తుంది. తెల్లారేదాకా ఆ నీళ్లలోనే ఉంచండి. ఉబ్బినవాటిని ఆ రోజే విత్తండి. ఉబ్బనివాటిని గరుకు బండ మీద లేదా గరుకు కాగితం మీద ఒకవైపు కొంచెం రుద్ది మళ్లీ నానబెట్టండి.

రోహిణి కార్తెలో కవర్లు నింపుతాను. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు. పచ్చి పెంట వేస్తే వేరు మాడుతుంది. కవరుకు రెండు గింజలు, గోరంత లోతులో. రోజూ సన్నగా నీళ్లు చల్లితే వారం పది రోజుల్లో మొలకలు వస్తాయి. రెండు ఆకులు విచ్చాక షేడ్ నెట్ కింద ఉంచకండి. తంగేడు ఎండ మొక్క, నీడన పెంచితే బారుగా సాగి వాలిపోతుంది. కవర్లను పదిహేను రోజులకోసారి జరుపుతుండాలి, లేకపోతే వేరు కవరు చీల్చుకుని నేలలోకి దిగి, తర్వాత తీసేటప్పుడు తెగుతుంది.

కవర్ల బాధ వద్దనుకునేవాళ్లు మృగశిర వాన నేల తడిపిన తర్వాత నేరుగా జాగలోనే కుదురుకు నాలుగైదు ఉబ్బిన గింజలు వేయవచ్చు. నిజానికి అట్లా మొలిచిన మొక్కే బలంగా నిలబడుతుంది, వేరు మొదటి రోజు నుంచే లోతుకు దిగుతుంది కదా.

నాటడం, కత్తిరించడం

చెల్క, మొరం నేల దీనికి ఇష్టం. రేగడిలోనూ బతుకుతుంది గానీ నీళ్లు నిలిచే చోటు వద్దు. మూరెడు గుంట తీసి, మొక్కకు మొక్కకు ఐదారు అడుగులు విడిచి నాటండి. మొదటి ఎండాకాలం వారానికోసారి ఒక బిందె నీళ్లు పోస్తే చాలు. ఆ తర్వాత దాని బతుకు అదే చూసుకుంటుంది. పశువులు సాధారణంగా దీన్ని ముట్టవు, కాబట్టి కంచె ఖర్చు లేదు. చెరువు కట్టల మీద, గెట్ల మీద ఇది నిలబడటానికి అదొక కారణం. దాని వేళ్లే ఆ కట్ట మట్టిని పట్టుకునేవి.

రెండో ఏటి నుంచి పూలు బాగా వస్తాయి. కాయలు ఏరుకున్నాక, మాఘ ఫాల్గుణాల్లో పొదను మోకాలెత్తుకు కత్తిరించండి. పూలు కొత్త చివుళ్ల కొసలకే వస్తాయి, ఎన్ని చివుళ్లుంటే అన్ని గుత్తులు. శ్రావణం వచ్చాక మాత్రం కత్తెర పెట్టకండి, ఆ ఏటి పూలు పోతాయి.

ఇంకో మాట, మందు కొట్టకండి. తంగేడు పూవులో తేనె లేదు, ఉన్నదంతా పుప్పొడే. అది కూడా కేసరాల లోపల మూసి ఉంటుంది, కొసన ఉన్న సన్నని రంధ్రాల్లోంచే బయటికి రావాలి. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి పూవును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని కదిలిస్తే ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. తుమ్మెద రాకపోతే కాయలు సరిగా పట్టవు. ఆకు మీద పచ్చ గొంగళ్లు కనబడితే భయపడకండి. అవి లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలు. కొన్ని ఆకులు తిని పోతాయి, పొదకు ఏమీ కాదు.

గునుగు

ఇది తేలిక. గింజలు ఆవగింజ కన్నా చిన్నవి, నల్లగా మెరుస్తాయి. గుప్పెడు ఇసుకలో కలిపి, మెత్తగా చేసిన మడి మీద చల్లి, చేత్తో ఒత్తి వదిలేయండి. పైన మందంగా మట్టి కప్పితే మొలవవు. బతుకమ్మ ఒక్కో ఏడు సెప్టెంబరు చివర్లో, ఒక్కో ఏడు అక్టోబరులో వస్తుంది కాబట్టి నేను రెండు దఫాలు చల్లుతాను, ఒకటి ఆరుద్ర కార్తెలో, ఇంకోటి మూడు వారాల తర్వాత. జానెడు ఎత్తు కాగానే ఒత్తుగా ఉన్నచోట పలచన చేయండి. పీకిన లేత మొక్కలు పారేయకండి, ఆ ఆకు కూర వండుకోవచ్చు, పప్పులో బాగుంటుంది. మిగిలినవాటి తలలు గిల్లితే పక్క కొమ్మలొచ్చి ఎక్కువ కంకులిస్తాయి.

గునుగు పెంచేవాళ్లకు ఒక బాధ్యత ఉంది. ఒక్క మొక్క వేల గింజలు రాల్చుతుంది, పక్క రైతుకు అది కలుపు. అందుకే ఎవరి పత్తి చేను పక్కనా చల్లకండి. ఇంటి ఆవరణలో, మేడ మీద కుండీలో పెంచుకోండి. పండుగ తర్వాత విత్తనానికి నాలుగు మొక్కలు వదిలి, మిగతావి గింజ రాలకముందే తీసేయండి. కంకి కింది భాగం ఎండినప్పుడు కవరులో తలకిందులుగా పెట్టి దులిపితే మరుసటి ఏటికి సరిపడా గింజలు వస్తాయి.

పట్టుకుచ్చులు అని మనం పేర్చే ఎర్రని ముద్దపూవు గునుగు జాతిలోనిదే, దాని సాగు కూడా ఇదే తీరు. బంతి, గుమ్మడి మాత్రం అమెరికా ఖండం నుంచి వచ్చినవి. వచ్చి మనవైపోయాయి, వాటిని వద్దనను. కానీ బంతి నారు ఎక్కడైనా దొరుకుతుంది. తంగేడు, గునుగు పోతే తెచ్చివ్వడానికి ఎవరూ లేరు. నారు కొనే డబ్బు ఉంటే అది బంతికి పెట్టి, శ్రద్ధ మాత్రం వీటికి పెట్టండి.

కోత, పేర్పు

తంగేడు తెల్లవారుజామున కోయాలి. ఎండ ఎక్కాక కోసినది మధ్యాహ్నానికే వాడుతుంది. జానెడు కొసలు కత్తెరతో తీయండి, చేత్తో విరిస్తే బెరడు చీలుతుంది. ప్రతి పొద మీద మూడో వంతు పూలు వదిలేయండి. పాలిథిన్ కవరులో పెడితే ఉడికిపోతాయి, తడి గుడ్డలో చుట్టి నీడన పెట్టండి. గునుగు ముందురోజే కోసినా పాడవదు.

తాంబాళంలో గుమ్మడి ఆకో మోదుగాకో పరిచి, గునుగును సమంగా కత్తిరించి చిన్న కట్టలు కట్టి వరుస పేర్చండి, ఆపైన తంగేడు. మధ్యలో కోసిన కాడలు, ఆకులు నింపితే గోపురం కుంగదు. గునుగుకు పెద్దలు రంగులద్దేవారు, నేనూ అద్దేదాన్ని. ఇప్పుడు కిరాణాలో దొరికే రంగుపొడి చెరువులో కలవడం ఇష్టంలేక గునుగును ఉన్న తెలుపు, గులాబీ రంగుల్లోనే పేర్చుతున్నాను. పసుపు నీళ్లలో ముంచినా బాగుంటుంది.

జమ్మి

సద్దుల బతుకమ్మ అయిన వెంటనే దసరా. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలు దాచింది జమ్మి మీదే అని, ఆ ఆకును బంగారమని చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కుతాం. ఆ సాయంత్రం ఊరి జమ్మి కొమ్మలు విరిచి విరిచి మోడు చేస్తున్నాం. ఊరికి ఒక్కటే ఉంటే అంతే అవుతుంది, పది ఉండాలి.

సర్కారు తుమ్మను జమ్మి అనుకోకండి. సర్కారు తుమ్మకు ఆకు మొదట్లో పొడుగు ముళ్లు జంటగా ఉంటాయి. జమ్మికి చిన్న ముళ్లు కణుపుల మధ్య కొమ్మంతా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. కాయలు రోహిణి, మృగశిర కార్తెల్లో పండుతాయి. గింజ తీసి ఒక రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి విత్తండి. కవరు పొడుగుది కావాలి, ఎందుకంటే పైన జానెడు మొక్క కనబడేలోగా కింద వేరు అంతకు ఎంతో ఎక్కువ దిగుతుంది. మొదటి ఏడు పెరగడం లేదని చాలామంది పీకేస్తారు. ఓపిక పట్టండి. రెండో వానాకాలంలో నాటండి.

ఇది చెట్టయ్యే మొక్క కాబట్టి ఇంటి గోడ పక్కన, కరెంటు తీగల కింద వద్దు. గుడి ఆవరణలో, బడి మూలన, చెరువు శిఖం (నీళ్లు నిలిచే జాగ) అంచున నాటాలంటే ముందు పంచాయతీవాళ్లతో మాట్లాడి జాగ ఖరారు చేసుకోండి. జమ్మి లేతగా ఉన్నప్పుడు మేకలు వదలవు, కాబట్టి మొదటి మూడు నాలుగేళ్లు ముళ్లకంప తప్పనిసరి. చెట్టు ఎదిగాక కూడా దసరా రోజు కొమ్మలు విరవకుండా, చిటికెన వేలంత రెమ్మలు కత్తెరతో కోసి పంచడానికి ఊళ్లో ఒకరిద్దరికి ముందే బాధ్యత అప్పగించండి.