పతకం అంచు మీద దొరికిన ముత్తాత

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి తిరిగిరాని ముత్తాత కోసం రెండేళ్లు వెతికాను. ఆన్‌లైన్‌లో ఒడిశా అని కొడితే ఏమీ వచ్చేది కాదు.

నాన్నమ్మ దాచిన వెండి పతకాన్ని చింతపండుతో తోమబోతే బాబాయి ఆపాడు, అక్షరాలు అరిగిపోతాయని. మెత్తటి గుడ్డతో తుడిచి, టార్చి వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంటే అంచు మీద నంబరు, పేరు, దళం! నా చేతులు వణికాయి.

యుద్ధంలో చనిపోయిన సైనికుల వివరాలుంచే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు వదిలేసి ఆ నంబరే కొట్టాను. దొరికాడు. పేరులో ఒక అక్షరం తేడా, తండ్రి పేరు మాత్రం సరిగ్గా మాదే. జిల్లా గంజాం, మద్రాస్. ఒడిశా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 దాకా మా ఊరు మద్రాస్ ప్రెసిడెన్సీలోనే ఉంది కదా! అంతకుముందు కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో కూడా అడగండి.

ఇన్నాళ్లూ ఆయనకు మహాలయ అమావాస్యకే పెట్టేవాళ్లం. ఇప్పుడు తేదీ తెలిసింది, పంతులుగారు తిథి చూసి చెప్పారు.