పత్రిక డెస్క్ అలవాటు వదిలి రోజువారీ బతుకును రాయడం

పత్రికలో పనిచేసి బయటికి వచ్చినవారు సొంత అనుభవం రాయబోతే మొదట అడ్డుపడేది ఇంట్రోయే, అంటే వార్త మొదటి పేరాయే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవన్నీ తొలి పేరాలోనే కుక్కే ఆ పద్ధతి, పేజీలో చోటు చాలనప్పుడు చివరి పేరాలు కోసేయడానికి వీలుగా ఉండేది కాబట్టి, ఫోన్ తెర మీద దాని అవసరం అంతగా లేదు. ఒక్క దృశ్యంతో మొదలుపెట్టండి: తెల్లవారుజామున గేటు మీంచి పడిన పేపరు కోసం చెయ్యి ఇంకా వెతుక్కుంటుంది గానీ, అందులోని వార్తలు రాత్రే చదివేసి ఉంటాం. టమాటా ధర గురించి రాస్తే, రైతుబజారు బోర్డు చూసి, కిలో ఎంతో, అది ఏ రోజు ధరో వేయండి. ‘నిర్వహించడం జరిగింది’ వంటి ప్రెస్‌నోటు భాషను (నాకది వదలడానికి ఏళ్లు పట్టింది) కొట్టేయండి. రాసినదాన్ని ఒక రాత్రి పక్కన పెట్టి, పొద్దున పైకి చదవండి. తర్వాత తప్పు బయటపడితే, సవరణను లోపలి పేజీ మూలన దాచినట్టు కాకుండా, ఆ వాక్యం పక్కనే తేదీతో సహా వేయండి.