పెట్టె రికార్డు ప్లేయర్ కొనేముందు ముల్లు చూడండి

అటక మీది పాత రికార్డులను దించి మళ్లీ వినాలన్న కోరికతో, చేతిలో పట్టుకెళ్లగలిగే చిన్న రికార్డు ప్లేయర్ కొనేవారు సాధారణంగా దాని రంగు, ధర, బ్లూటూత్ చూస్తారు గాని ముల్లును చూడరు. రికార్డు గాడిని తాకేది ఆ ముల్లు ఒక్కటే కనుక ఎంపికను అక్కడినుంచే మొదలుపెట్టాలి.

అంతకంటే ముందు మీ దగ్గరున్న రికార్డులను వేగాన్ని బట్టి వేరు చేసుకోవాలి. కిందపడితే పగిలిపోయే బరువైన లక్క రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డు 33⅓ చుట్లు, ఆ మరుసటి ఏడు వచ్చిన ఏడంగుళాల చిన్న రికార్డు 45 చుట్లు తిరుగుతాయి. ప్లేయర్ మీద 78 అన్న మీట ఉన్నంత మాత్రాన అది లక్క రికార్డులకు పనికివస్తుందని అనుకోకూడదు. వాటి గాడి వెడల్పైనది; దానికి సుమారు 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మొన కావాలి. లాంగ్ ప్లే రికార్డుకు వాడే మొన 18 మైక్రాన్లకు అటూఇటూగా ఉంటుంది. ఈ సన్నని ముల్లు లక్క రికార్డు గాడి అడుగుకు దిగి, అక్కడి దుమ్మును గీకుతూ పాటకన్నా గరగరనే ఎక్కువగా వినిపిస్తుంది. లావు ముల్లును లాంగ్ ప్లే మీద పెడితే రికార్డే పాడవుతుంది. అందుకే రెండు రకాలూ ఉన్నవారు ముల్లు మార్చుకునే వీలున్న ప్లేయర్‌నే ఎంచుకోవాలి. తాతలనాటి తాళం గ్రామఫోన్‌లో ముల్లును పట్టి ఉంచే సౌండ్ బాక్సు అయితే గాడిపై వంద గ్రాములకు పైగా బరువు మోపుతుంది. దాని మీద లాంగ్ ప్లే వంటి వినైల్ (ప్లాస్టిక్) రికార్డును సరదాకైనా పెట్టకూడదు.

తరువాత చూడవలసింది ముల్లు రికార్డు మీద మోపే బరువు. చవక సూట్‌కేసు ప్లేయర్లలో ఎక్కువగా ఉండే సెరామిక్ క్యాట్రిడ్జ్‌కు (ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగానికి) ఐదారు గ్రాముల బరువు కావాలి. మాగ్నెటిక్ క్యాట్రిడ్జ్‌కు మూడు గ్రాముల ప్రాంతం చాలు. చవక ప్లేయర్ ఒక్కసారికే రికార్డును కోసేస్తుందన్నది అతిశయోక్తే; అయినా మళ్లీ దొరకని రికార్డును రోజూ దాని మీద తిప్పమని నేను చెప్పను. జపాను కంపెనీ ఆడియో టెక్నికా 1983 నాటి తన సౌండ్ బర్గర్ అనే చిన్న ప్లేయర్‌ను ఈమధ్య మళ్లీ తెచ్చింది. అందులో ఉన్నది మాగ్నెటిక్ క్యాట్రిడ్జే, ముల్లు విడిగా దొరుకుతుంది, బ్యాటరీ సుమారు 12 గంటలు నడుస్తుంది. కాని దానికి సొంత స్పీకరు లేదు, 78 వేగమూ లేదు. స్పీకరు లేకపోవడాన్ని నేను లోపంగా చూడను. ఒకే పెట్టెలో స్పీకరూ ముల్లూ ఉంటే, ధ్వని పెంచగానే ఆ అదురు ముల్లుకు చేరి పాట గీరుకుపోతుంది, ఒక్కోసారి ముల్లు గంతు వేస్తుంది.

బ్లూటూత్ విషయంలో ఒక్క మాట అడిగితే చాలు: ప్లేయర్ పాటను బయటి స్పీకరుకు పంపుతుందా, లేక ఫోనులోని పాటను తన స్పీకరులో వినిపిస్తుందా? చాలా చవక ప్లేయర్లలో ఉండేది రెండవదే.

వేగాన్ని దుకాణంలోనే పరీక్షించవచ్చు. రికార్డును తిప్పే పళ్లెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, 33⅓ వేగంలో మూడు నిమిషాలు లెక్కపెడితే సరిగ్గా నూరు చుట్లు రావాలి. చుట్ల లెక్క సరిపోయినా చుట్టులోపల వేగం ఊగవచ్చు. దాన్ని పట్టుకోవడానికి తంబూర శ్రుతి నిలకడగా వినిపించే కచేరీ రికార్డును మించినది లేదు. శ్రుతి అలలా కదిలితే మోటారో బెల్టో బాగాలేదన్నమాట. హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆదివారం సంత వంటి చోట పాత ప్లేయర్ కొనేటప్పుడు, పోయినా బాధపడనక్కరలేని రికార్డు ఒకటి వెంట తీసుకెళ్లి అక్కడే వినాలి. పాత మోనో (ఒకే ధ్వని మార్గం ఉన్న) క్యాట్రిడ్జ్‌లలో చాలావాటి ముల్లు పైకీ కిందికీ కదలదు కనుక, ఆ కదలిక అవసరమైన స్టీరియో (కుడి ఎడమ ధ్వనులు వేరుగా ఉన్న) రికార్డును అటువంటి దాని మీద పెడితే గాడి అరిగిపోతుంది.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే పాత ప్లేయర్ల సంగతి వేరు. యూఎస్‌బీతో గాని బ్యాటరీతో గాని నడిచే కొత్తవాటికి చిక్కు లేదు. గోడ ప్లగ్గుకు పెట్టే ఏసీ మోటారు రకమైతే 110 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మరు పెట్టినంత మాత్రాన సరిపోదు. ఆ మోటారు వేగం కరెంటు హెర్ట్జ్‌ను (సెకనుకు ఎన్ని ఆవృత్తులో) బట్టి ఉంటుంది; అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50 కావడంతో 33⅓ చుట్లు తిరగవలసిన పళ్లెం దాదాపు 28 చుట్లే తిరుగుతుంది, గాయని గొంతు మగగొంతులా సాగుతుంది. మోటారు ఇరుసు మీది కప్పీని 50 హెర్ట్జ్‌కు సరిపడే దానితో మార్చగలిగితేనే అటువంటి దాన్ని తెప్పించుకోవాలి.