విండోస్ 98 కాలపు కంప్యూటర్‌కు భాగాల ఎంపిక

పాత డాస్ (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) ఆటలు, విండోస్ 98 ప్రోగ్రాములు ఒకే యంత్రంలో నడవాలని కోరుకునేవారు ముందుగా మదర్‌బోర్డును నిర్ణయించుకోవాలి. ప్రాసెసర్, మెమరీ, కార్డులు అన్నీ దానిని బట్టే కుదురుతాయి. ఇంటెల్ 1998లో తెచ్చిన 440బీఎక్స్ చిప్‌సెట్ (బోర్డులోని భాగాలను కలిపి నడిపే చిప్పులు) ఉన్న బోర్డునే నేను ముందుగా సూచిస్తాను. ఆ బోర్డులలో చాలావాటికి పాత కార్డులు పట్టే ఐఎస్ఏ, గ్రాఫిక్స్ కార్డు పట్టే ఏజీపీ స్లాట్లు రెండూ ఉంటాయి కనుక డాస్ ఆటల ధ్వని కోసం సౌండ్ బ్లాస్టర్ 16 కార్డును, త్రీడీ ఆటల కోసం వూడూ3 గ్రాఫిక్స్ కార్డును ఒకే పెట్టెలో అమర్చుకోవచ్చు.

కొనేముందు ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లను (చిన్న గుండ్రటి డబ్బాల్లాంటి భాగాలను) మంచి వెలుతురులో పరిశీలించండి. వాటి పైభాగం ఉబ్బినా, అడుగున గోధుమరంగు మరక కనిపించినా, వాటిని మార్పించే వీలుంటే తప్ప ఆ బోర్డు తీసుకోవద్దు. మెమరీ 256 ఎంబీ చాలు. 512 ఎంబీ దాటితే విండోస్ 98 సెట్టింగులు మార్చనిదే మొరాయించవచ్చు.

పవర్ సప్లైని చాలామంది చివరికి వదిలేస్తారు, కానీ అది చాలా ముఖ్యం. ఆ కాలపు బోర్డులు 5 వోల్టుల లైనుపై ఎక్కువ భారం వేస్తాయి, నేటి సప్లైలు మాత్రం తమ శక్తిలో అధికభాగాన్ని 12 వోల్టులకే కేటాయిస్తాయి. అందువల్ల లేబుల్‌పై మొత్తం వాట్లను కాక, 5 వోల్టుల గడిలోని ఆంపియర్లను చూసి కొనాలి.